బాయి కాడి మోటారు ఎత్తుకుపోయేది ఎవరు?

ఈ పేజీలో వారం వారం విత్తనం, ఎరువు, తెగులు, ధర ఇవే చదువుతుంటారు. ఈ వారం దొంగల గురించి రాస్తున్నాం. వ్యవసాయ పేజీలో దొంగల ముచ్చట ఏమిటని అనుకోవద్దు. చిట్యాల మండలంలో గానీ, పక్కన నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దిక్కు గానీ నలుగురు రైతులు కూర్చున్న కాడ ఈ మాట ఎత్తి చూడండి. ఒకరిది స్టార్టరు డబ్బా పోయి ఉంటుంది. ఒకరిది బోరు కాడ కేబులు కోసుకుపోయి ఉంటారు. ఇంకొకరు రాత్రి కట్టేసిన మేక పొద్దున లేదంటారు.

అన్నిటికన్నా కష్టం ట్రాన్స్‌ఫార్మరు పోవడం. దాన్ని గద్దె మీంచి కింద పడేసి, ఆయిలు ఒంపేసి, లోపలి తీగ చుట్టలు తీసుకుపోతారు. దొంగకు దక్కేది పాత సామాను కొట్టులో కిలోల లెక్కన వచ్చే పైసలు. రైతుకు పోయేది అంత కాదు. కొత్తది వచ్చేదాకా దాని కింది బోర్లన్నీ ఆగిపోతాయి. పొట్ట మీద ఉన్న వరికి నాలుగు రోజులు తడి లేకపోతే ఎకరానికి ఎన్ని బస్తాలు తగ్గుతాయో మీకు ఒకరు చెప్పనక్కర లేదు. ఎకరం, రెండెకరాల రైతుకు ఆ బస్తాలే ఏడాది తిండి, ఆ బస్తాలే అప్పు మీద వడ్డీ.

పోయిన తెల్లారి అందరం అనే మాట ఒకటే: "బయటోళ్లు వచ్చి చేసిన్రు." హైవే మీది ఊళ్లు కాబట్టి ఆ మాట నమ్మడం సులువు. ముఠాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ ఒకసారి ఆలోచించండి. ఏ బాయి కాడికి రాత్రిపూట ఎవరూ పోరు, ఏ రైతు చుట్టాల పెళ్లికి పోయి రెండు రోజుల దాకా రాడు, ఏ దారిన పోతే ఎవరి కంటా పడరు, ఇవన్నీ విజయవాడ రోడ్డున పోయేవాడికి ఎట్లా తెలుస్తాయి? చెప్పేవాడు దగ్గర్లోనే ఒకడుండాలి. వాడు ఎవరి కొడుకో అయి ఉంటాడు. మోటారు పోయిన రైతూ మనవాడే, దారి చూపిన పిలగాడూ మనవాడే. ఆ రెండో వాడి గురించే ఇదంతా.

"తిండికి లేక చేసిండు" అంటాం. అది సగమే నిజం. మన తాతల కాలంలో ఈ నేల మీద ఇప్పటికన్నా లేమి ఎక్కువ. జొన్న గటక, అంబలి, ఆముదపు చేలు, వాన పడితే ఒక పంట. లేమి ఒక్కటే మనిషిని దొంగను చేసేదయితే ఆ రోజుల్లో ఇంటికొక దొంగ ఉండాలి. (అప్పుడు రాగి తీగ లేదు కదా అని ఒకాయన నవ్వవచ్చు. అదీ నిజమే.) ఆ కాలం మంచిదని చెప్పడం లేదు. గడీ భయం ఉండేది, అప్పు కింద మనిషినే జీతానికి కట్టేసుకునేవారు. వెట్టిని రద్దు చేస్తూ చట్టం వచ్చిందే 1976లో. అయితే ఒకటుంది. పదహారు, పదిహేడేళ్ల పిలగాడు పొద్దున లేస్తే పోవాల్సిన పని ఒకటుండేది, రాత్రి ఇంటికి రాకపోతే అడిగే మనిషి ఒకరుండేవారు. పనీ, ఇల్లూ రెండూ కాపలాయే. ఒకటి సడలినా రెండోది పట్టి ఉంచుతుంది. రెండూ ఒకేసారి సడలిన చోట చెయ్యి జారుతుంది. నేను చూస్తున్నది ఇది.

చిట్యాలనే తీసుకోండి. హైదరాబాదు-విజయవాడ రోడ్డు ఉంది, గుంటూరు రైలు మార్గం ఉంది. రోడ్డు పొడుగునా ఫ్యాక్టరీలు, గోదాములు, హోటళ్లు, ప్లాట్ల బోర్డులు లేచాయి. 2018లో చిట్యాల మున్సిపాలిటీ కూడా అయింది. మరి పనులు పెరిగినట్టే కదా? పెరిగాయి, కాదనను. కానీ మన పిలగాళ్లకు దొరికేది ఎక్కువగా కాంట్రాక్టరు కింద రోజు కూలి. ఇవాళ పిలిస్తే ఉన్నట్టు, రేపు పిలవకపోతే లేనట్టు. వారంలో మూడు రోజులు పని, నాలుగు రోజులు అడ్డా మీద కూర్చోవడం. ఆ నాలుగు రోజుల సంగతి ఎవరూ లెక్కలో వేయరు. చేతిలో మూడు రోజుల కూలి ఉంటుంది, పక్కన తనలాంటి వాళ్లే ఉంటారు, కాడికి బెల్టు షాపు ఉంటుంది, జేబులో ఫోను ఉంటుంది. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను రాష్ట్రం 2017లోనే నిషేధించింది. ఫోనులో అవి ఎట్లా దొరుకుతాయో మీ పిలగాడికి మీకన్నా బాగా తెలుసు.

రోడ్డు పక్క భూమి అమ్ముకున్న ఇళ్లది మరో కథ. డబ్బు చేతికొచ్చింది, పని చేతిలోంచి పోయింది. ఇరవై ఏండ్ల పిలగాడికి బండి వచ్చింది, మంచి చెప్పులొచ్చాయి, పొద్దున లేచి పోయే చోటు లేకుండా పోయింది. ఇల్లు కట్టుబడికి, అక్క పెళ్లికి, పాత అప్పుకు పైసలు కరిగిపోయాక బండిలో పెట్రోలు ఉండదు. అలవాట్లు మాత్రం ఉంటాయి. పేదోడి కొడుకే దొంగవుతాడని అనుకునేవారు ఒకసారి ఈ ఇళ్ల దిక్కు చూడాలి.

ఇక ఇంటి సంగతి. తల్లిదండ్రులు హైదరాబాదులో వాచ్‌మెన్ పనికో, బిల్డింగు కట్టే కాడ కూలికో పోతారు. పిల్లలు నాయనమ్మ దగ్గర. పాలమూరు దిక్కు ఇది తరతరాల గోస. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి గుంపును తోలుకుపోతే ఊళ్లో మిగిలేది ముసలోళ్లూ పిల్లలే. ముసలమ్మ అన్నం పెట్టగలదు, పదిహేడేళ్ల వాణ్ని ఆపలేదు. ఉన్న ఇళ్లలో కూడా అన్నదమ్ములు వేరుపడ్డారు. మునుపు బడి ఎగ్గొట్టిన పిలగాణ్ని చిన్నాయన చెవి పట్టుకుని తీసుకొచ్చేవాడు. ఇప్పుడు గట్టు కాడ పంచాయితీ ఉన్న చిన్నాయన నోరు తెరవడు. తెరిస్తే "నా కొడుకును అనడానికి నువ్వెవడివి" అంటారు. ఒక్క మాటతో కాపలా మనిషిని మనమే పంపించేసుకున్నాం.

ఇంకో చిన్న ముచ్చట. రాత్రి కరెంటు ఇచ్చిన రోజుల్లో రైతులు టార్చిలైట్లు పట్టుకుని బాయిల కాడ తిరిగేవారు. పాము కాటుకు, కరెంటు షాకుకు పోయినవాళ్లు ఎందరో, ఆ రోజులు మళ్లీ రావద్దు. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక అర్ధరాత్రి పోవాల్సిన అవసరం తగ్గింది. దానితోపాటే బాయిల కాడ మనిషి అలికిడి కూడా తగ్గింది.

కరువు వచ్చిన ఏడు ఇదంతా ఒక్కసారి ముదురుతుంది. ఇది ఊహ కాదు. మన దేశంలోని జిల్లాల వాన లెక్కలను, పోలీసుల నేరాల లెక్కలను పక్కపక్కన పెట్టి చూసిన ఆర్థికవేత్తలున్నారు. పంట దెబ్బతిన్న ఏళ్లలో దొంగతనాల వంటి నేరాలు పెరుగుతాయని 2018లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. 2014లో వచ్చిన ఇంకొకటి మరీ బాధాకరం. ఏటేటా ఉండే మామూలు హెచ్చుతగ్గుల లెక్కన వాన ఒక మెట్టు తగ్గితే వరకట్న చావులు 7.8 శాతం పెరిగాయట. వాన పడకపోవడానికీ కోడలు చావడానికీ ఏమిటి సంబంధం? పంట పోయిన ఇంట్లో పైసల కోసం ఎవరి మీద పడాలో వెతుకుతారు. ఇంట్లో గొంతు లేనిది కోడలే. మోటారు దొంగతనానికి కేసు పెడతాం. ఈ నేరం మాత్రం గోడ అవతల మనకు వినపడుతున్నా వినపడనట్టు ఉంటాం.

మంచి కబురు కూడా ఒకటుంది. ఉపాధి హామీ పనులు 2006 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. మొదటి విడత 200 జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. అంతకు ముందు వాన తప్పిన ఏడు నక్సలైట్ల ప్రాంతాల్లో హింస పెరిగేది, ఆ పనులు వచ్చాక ఆ ముడి వదులైందని లెక్కలు కట్టి చూపించారు. గుంతలు తవ్వే పని అని ఎగతాళి చేసినవాళ్లు ఇది గమనించాలి. కరువు నాడు దొరికిన కూలి ఇంటి పొయ్యిని వెలిగించడమే కాదు, ఇంకొన్ని చోట్ల నిప్పును ఆర్పింది.

దొంగలనగానే అందరి నోటా వచ్చే ఊరు స్టువార్టుపురం. 1991లో చిరంజీవితో ఆ పేరు మీదే సినిమా తీశారు, 2023లో అక్కడి దొంగ మీద రవితేజతో ఇంకొకటి తీశారు. సినిమాల్లో లేని సంగతి చెబుతాను. ఎరుకలవాళ్లు పూర్వం దొంగలు కాదు, వ్యాపారులు. కోస్తా నుంచి ఉప్పు, లోపలి నుంచి ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా మార్చేవారు. తెల్లదొరల కాలంలో రైలు వచ్చింది, ఉప్పు సర్కారు చేతుల్లోకి పోయింది. వాళ్ల బతుకుదెరువు కూలిపోయింది. కరువులు మీదపడ్డాయి. పని పోయినవాళ్లను ఆదుకోవడానికి బదులు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేశారు. 1871లో తెచ్చిన ఆ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్లకు బాపట్ల దగ్గర సెటిల్‌మెంటు పెట్టి, స్టువార్ట్ అనే దొర పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. భూములిచ్చారు, చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని చూపించారు. పని మంచిదే. కానీ హాజరు వేయించుకోవాలి, చీటీ లేకుండా ఊరు దాటకూడదు. పిల్లలను తల్లిదండ్రులకు దూరంగా హాస్టళ్లలో పెంచే పద్ధతి కూడా నడిచింది. అంటే ఒక చేత్తో పని ఇచ్చి, ఇంకో చేత్తో ఇల్లు విడగొట్టారు. ఆ చట్టం 1952లో పోయింది. ముద్ర పోలేదు. తర్వాత గుర్రం జాషువా కుమార్తె హేమలత, ఆమె భర్త లవణం ఆ ఊరి మనుషుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. ఇప్పుడు అక్కడి పిల్లలు చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నారు. అయినా ఊరి పేరు చెబితే ఎదుటివాడు జేబు తడుముకుంటాడు.

కాబట్టి మీ మోటారు పోయిననాడు ముందుగా ఎరుకల వాడ దిక్కు, తండా దిక్కు వేలు చూపకండి. దొంగతనం కులంలోంచి పుట్టదు.

మరి ఒకసారి తప్పు చేసి దొరికిన పిలగాణ్ని ఏం చేయాలి? మన ఊళ్లలో మూడు మందులున్నాయి: కట్టేసి కొట్టడం, జుర్మానా వేయడం, పెళ్లి చేయడం.

కొడితే వాడు ఊళ్లో తలెత్తుకోలేక పట్నం పోతాడు. అక్కడ వాడికి దొరికే దోస్తులు ఎవరో ఊహించుకోవచ్చు. కొట్టినవాళ్ల మీద కేసు వేరే. జుర్మానా వేస్తే కట్టేది వాడు కాదు, వాడి తండ్రి. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కడతాడు. ఆ వడ్డీ కట్టలేక ఇంట్లో రోజూ లొల్లి, ఆ లొల్లి పడలేక పిలగాడు మళ్లీ బయటికి. పెద్దమనుషులు న్యాయం చేశామనుకుని లేచిపోతారు.

మూడో మందు గురించి ఇంకొంచెం చెప్పాలి. "పెండ్లి చేస్తే దారికొస్తడు" అనని ఊరు లేదు. అమెరికాలోని బోస్టన్‌లో నేరాలు చేసి బాలల జైలుకు పోయిన 500 మంది మగపిల్లల వివరాలను గ్లూక్ దంపతులు 1940ల నుంచి సేకరించారు. తర్వాత సాంప్సన్, లాబ్ అనే ఇద్దరు ఆ పాత కాగితాలు వెలికితీసి, ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో చూశారు. వాళ్ల పుస్తకం 1993లో వచ్చింది. చిన్ననాడు ఎంత చెడ్డగా తిరిగినవాడైనా నిలకడైన పని, మనసు కలిసిన భార్య దొరికితే చాలావరకు ఆ దారి వదిలాడని తేలింది. ఇది విని "మేం చెప్పిందదే కదా" అనకండి. పెళ్లి జరిగిందా లేదా అన్నది కాదు వాళ్లు చూసింది, ఆ ఇద్దరి నడుమ ఎంత ప్రేమ ఉందన్నది. తాళి కట్టించి పని లేని ఇంట్లో కూర్చోబెడితే అది మందు కాదు, రెండో రోగం. తాగి వచ్చేవాణ్ని బాగుచేయమని పద్దెనిమిదేళ్ల ఆడపిల్లను పంపడం నా దృష్టిలో మోటారు దొంగతనం కన్నా పెద్ద తప్పు. ముందు ఒక ఏడాది వాడు ఒకే పనిలో నిలబడనీయండి. పిల్లను ఇచ్చేవాళ్లు కూడా భూమి ఎంతని అడిగే బదులు ఈ మాట అడగాలి.

పని ఇస్తే బాగుపడతాడా? అందరూ పడరు. నార్వేలో 2014లో చేసిన ఒక అధ్యయనంలో, మారినవాళ్లలో చాలామంది పని దొరకక ముందే తప్పుడు దారి మానేశారని తేలింది. మారాలని మనసులో పడ్డవాడే పని వెతుక్కుంటాడన్నమాట. కాబట్టి ఎవడికి పడితే వాడికి తాళంచెవులు ఇవ్వమని చెప్పను. కానీ మారాలని వచ్చినవాడి ముఖం మీద తలుపు వేస్తే వాడు ఎటు పోవాలి?

మన లాంటి రైతులకు పనికొచ్చేది ఆఫ్రికాలోని లైబీరియా ముచ్చట. అక్కడ చాలా ఏళ్లు అంతర్యుద్ధం నడిచింది. యుద్ధం అయిపోయాక తుపాకీ పట్టిన మనుషులు దొంగ గనుల్లో, దొంగ దందాల్లో పడ్డారు. వాళ్లలో కొందరికి వ్యవసాయం నేర్పి, విత్తనాలు, పనిముట్లు ఇచ్చారు. 2016లో ఫలితాలు వచ్చాయి. సేద్యం పెరిగింది, దొంగ పనులకు పెట్టే గంటలు ఐదో వంతు దాకా తగ్గాయి. పూర్తిగా మానలేదు, అది కూడా దాచకుండా చెప్పారు. అందులో ఒక విశేషం ఉంది. పెట్టుబడి అంతా ముట్టినవాళ్ల కన్నా, ఇంకో విడత రావాల్సి ఉందని ఎదురుచూస్తున్నవాళ్లే కిరాయి పోరాటాల జోలికి తక్కువ పోయారు. చేతికి వచ్చిన పైస కన్నా రావాల్సిన పైస మనిషిని ఎక్కువ కట్టిపడేస్తుంది. పంట మీద ఆశతో ఆరు నెలలు ఓపిక పట్టే రైతుకు ఇది కొత్త ముచ్చటేం కాదు.

దీన్ని మన ఊరికి ఎట్లా తెచ్చుకోవాలి? మునుపు చెరువు నీళ్లకు నీరటి ఉండేవాడు, ఊరికి కావలికారు ఉండేవాడు. కల్లం కాడ గింజలు కొలిచి ఇచ్చేవాళ్లం. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద, పక్క రెండింటి కింద కలిపి ఇరవై మంది రైతులుంటారనుకుందాం. నెలకు తలా 500 వేసుకుంటే 10,000 అవుతాయి. దానితో ఒక పిలగాణ్ని బాయిల కాపలాకు పెట్టుకోవచ్చు. పగలు స్టార్టర్లు, వైర్లు చూసుకోవడం, మోటారు కాలితే విప్పి రీవైండింగుకు చేర్చడం కూడా వాడికే నేర్పించవచ్చు. నెల నెలా ముప్పావు వంతు ఇచ్చి, పావు వంతు పంట చేతికొచ్చినప్పుడు ఒక్కసారి ఇవ్వండి. ఆ లెక్క మాత్రం కాగితం మీద రాసి సంతకాలు పెట్టండి, లేకపోతే అది మళ్లీ పాత జీతగాళ్ల బాకీ అయి కూర్చుంటుంది. ఒకసారి దొరికి, తప్పు ఒప్పుకున్న పిలగాడు ఊళ్లో ఉంటే ముందు వాణ్నే అడగండి. దొంగ చేతికి తాళమా అని నవ్వేవాళ్లు నవ్వుతారు. ఏ బాయి ఎప్పుడు ఒంటరిగా ఉంటుందో వాడికి తెలిసినంత ఇంకొకరికి తెలియదు. హైదరాబాదు దగ్గర చర్లపల్లిలో శిక్ష పడ్డ ఖైదీల చేతనే పెద్ద గోడలు లేని చోట వ్యవసాయం చేయిస్తున్నారు. సర్కారు నమ్మగలిగినప్పుడు ఊరు నమ్మలేదా?

చట్టం సంగతులు కొన్ని తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాని ప్రకారం 5,000 రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి దోషిగా తేలినవాడు ఆ సొత్తో, దాని విలువో తిరిగి ఇచ్చేస్తే జైలుకు బదులు సమాజ సేవ శిక్ష వేస్తారు. ఇరవై ఒక్కేళ్లు నిండనివారిని, యావజ్జీవ శిక్ష పడేటంత నేరం కాకపోతే, కారణాలు రాయకుండా జైలుకు పంపరాదని 1958 నాటి ప్రొబేషన్ చట్టం చెబుతోంది. మీ పిలగాడిని స్టేషన్‌కు తీసుకుపోతే కాళ్లు పట్టుకోవడానికి నాయకుల ఇళ్ల చుట్టూ తిరగకండి. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. 15100 నెంబరుకు ఫోను చేసినా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోయినా చెబుతారు. మోటారు పోయినవాళ్లు కూడా రాత్రికి రాత్రి ఒప్పందాలు చేసుకోకుండా ఫిర్యాదు రాసివ్వండి. ఎఫ్ఐఆర్ నకలు పైసలు లేకుండా ఇవ్వాలి.

పిలగాళ్లనే అంటున్నాం గానీ, కొనేవాడు లేకపోతే రాగి తీగ ఎవడికి కావాలి? దొంగతనానికి మూడేళ్ల దాకా జైలయితే, దొంగ సొత్తని తెలిసి కొన్నవాడికి కూడా మూడేళ్ల దాకానే. కేబులు మీది తొడుగు పోవాలని తీగను ముందే తగలబెట్టి తెస్తారు. కాల్చిన రాగి నల్లగా ఉంటుంది, కొట్టు మీద కూర్చున్నవాడికి చూడగానే తెలుస్తుంది. ఈసారి ఎస్సై గారు ఊరికి వచ్చినప్పుడు, చుట్టుపక్కల కొట్లలో ఎవరు ఎంత కాలిన రాగి కొన్నారో రాసిపెట్టే పుస్తకం ఉందా లేదా అని నలుగురు రైతులు కలిసి అడగండి.